ఫోన్‌లో చెప్పాల్సిన అడ్రసు

"మళ్లీ వెయ్యండి," అంది కృష్ణకుమారి.

రాజ్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "ఆల్రెడీ త్రీ టైమ్స్ విన్నాం, ఆంటీ."

"నాలుగోసారి వింటాం. ఇంకో మాట, మిస్టర్ రాజ్. నేను మీ ఆంటీని కాను. లైసెన్సున్న డిటెక్టివ్‌ని."

రాజ్ పెదవి విరిచి బటన్ నొక్కాడు. వంటగది బల్ల మీద ఆరు రోజుల కిందటి ఉదయం మళ్లీ మొదలైంది.

"నైన్ వన్ వన్. వాట్ ఈజ్ ద అడ్రస్ ఆఫ్ యువర్ ఎమర్జెన్సీ?"

"మై డాటర్... సర్, మై డాటర్ ఫాల్... నో బ్రీత్... అయ్యో రేణూ, కండ్లు తెరువు బిడ్డా..."

"మేడమ్, అడ్రస్. వేర్ ఆర్ యూ?"

"ట్వెల్వ్ ఫార్టీ, విల్లో రిడ్జ్ లేన్, అరోరా, ఇల్లినాయ్."

ఫోన్ అందుకున్న డిస్పాచర్ అదే అడ్రసు తిరిగి చదివాడు. ఆమె "ఎస్, ఎస్, కమ్ ఫాస్ట్" అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ లేదు. తెలుగు వచ్చిన దుబాసీని లైన్ మీదికి తెచ్చేసరికే ఆలస్యమైపోయింది.

బల్ల చివర కూర్చున్న లలిత కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది. అరవై నాలుగేళ్ల మనిషి. జగిత్యాల నుంచి వచ్చి నాలుగు నెలలు. ఆ గొంతు ఆవిడదే. ఆ ఉదయం నేల మీద పడివున్నది ఆవిడ ఒక్కగానొక్క కూతురు రేణు.

"క్లియర్‌గా ఉంది," అన్నాడు రాజ్. "డిస్పాచర్ అడ్రస్ అడిగాడు, రిపీట్ చేశాడు, కన్ఫర్మ్ చేసుకున్నాడు. అంబులెన్స్ ఫైవ్ మినిట్స్‌లో ఆ అడ్రస్‌కి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. కౌంటీ తప్పేం లేదు. కాలర్ ఎర్రర్. ఈవెనింగ్‌కి రిపోర్ట్ ఇచ్చేస్తా."

రాజ్ ఒకప్పుడు పోలీసు. ఇప్పుడు నైన్ వన్ వన్ నడిపే జిల్లా ప్రభుత్వం, అంటే కౌంటీ, తరఫు లాయర్ల దగ్గర ఇన్వెస్టిగేటర్. అంబులెన్స్ ఎందుకు ఆలస్యమైందో తేల్చమని రేణు మేనమామ కొండల్ రావు ఫిర్యాదు పెట్టాడు. ఆ తప్పు కౌంటీది కాదని నిరూపించడం రాజ్ పని. అతని మీద నమ్మకం లేక కొండల్ రావు కృష్ణకుమారిని పెట్టుకున్నాడు.

కాలర్ ఎర్రర్. ఆ రెండు ముక్కలకీ లలితకు ఇప్పుడు దుబాసీ అక్కర్లేదు. ఆరు రోజులుగా ఆసుపత్రి వరండాలో, పోలీసుల నోట, పలకరించడానికొచ్చిన వాళ్ల గుసగుసల్లో వింటూనే ఉంది. ఆమె తల ఇంకా కిందికి వాలింది.

"అత్తయ్యగారిని ఏమీ అనకండి ప్లీజ్." ఫణికుమార్ కాఫీ కప్పులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రేణు భర్త. గడ్డం పెరిగింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం పట్టుగుడ్డలా మెత్తగా ఉంది. "ఆవిడకి ఇంగ్లీషు రాదు కదండీ. ఆ కంగారులో ఎవరికైనా నోరు తిరగదు. నేనైతే ఎప్పుడో క్షమించేశాను."

క్షమించేశాను. కృష్ణకుమారి ఆ మాటను వేరుగా తీసి పక్కన పెట్టుకుంది. ఎదుటి మనిషి మీద తప్పు మోపడానికి క్షమించడాన్ని మించిన మర్యాదైన దారి లేదు.

డిటెక్టివ్ కాకముందు ఆమె పదకొండేళ్లు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఇలాంటి ఫోన్లే అందుకుంది. కంగారు ఎలా మాట్లాడుతుందో ఆమెకు తెలుసు. ప్రాణం మీదికి వస్తే మనిషి ముందు ఏం జరిగిందో అరుస్తాడు. ఎక్కడ జరిగిందో మరిచిపోతాడు. పాతికేళ్లు కాపురమున్న ఇంటి నంబరు కూడా గుర్తు రాదు. గుర్తొచ్చినా ముక్కలు ముక్కలుగా వస్తుంది.

ఈ గొంతులో 'డాటర్' వణికింది. 'బ్రీత్' విరిగింది. అడ్రసు ఒక్కటే తొట్రుపడకుండా, నోటికొచ్చిన శ్లోకంలా వచ్చింది.

"ఫణికుమార్ గారూ, ఆ టైములో మీరెక్కడ?"

"డౌన్‌టౌన్‌లో, ఆఫీస్‌లో. మార్నింగ్ ట్రైన్‌కే వెళ్లిపోయా. టికెట్, ఆఫీస్ డోర్ రికార్డు, అన్నీ రాజ్‌గారికి ఇచ్చేశాను."

"ఆయన అడిగారా?"

"అడుగుతారని తెలుసుగా మేడమ్. భర్తనే ముందు అనుమానిస్తారు."

"ఆమె వాడిన ఫోన్ ఇదేనా?"

బల్ల మీదున్న పాత ఫోన్ అద్దం మూల పగిలింది. లలిత ఇండియా నుంచి తెచ్చుకున్నదే.

"అవునండీ. ఆర్నెల్ల కోసం కొత్త లైన్ ఎందుకని, దాంట్లోనే ఒక ఇంటర్నెట్ నంబర్ యాప్ వేసిచ్చాను. వైఫై మీద పనిచేస్తుంది."

కృష్ణకుమారి ఫోన్ తీసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. యాప్ తెరిచి, సెట్టింగుల్లోకి వెళ్లి, కళ్లజోడు పైకి తోసి చదివింది. చదివి, ఫణికుమార్‌ని, రాజ్‌ని దగ్గరికి పిలిచింది. లలితకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఇలాంటి నంబర్‌తో నైన్ వన్ వన్‌కి చేస్తే, మనం ముందు యాప్‌లో ఏ అడ్రసు రాసిపెట్టామో అదే డిస్పాచర్ స్క్రీన్ మీద పడుతుంది. ఇందులో ఏముందో చూడండి."

పన్నెండు నలభై, విల్లో రిడ్జ్ లేన్.

వాళ్లు నిలబడి ఉన్న ఇల్లు పన్నెండు నలభై, విల్లో రిడ్జ్ కోర్ట్. ఊరి మ్యాపులో రెండు వీధులూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో వాననీటి గుంట ఉండటంతో కారులో చుట్టు తిరిగి రావాలి. లేన్‌లోని ఆ నంబరు ఇంటికి అమ్మకం బోర్డు వేళ్లాడుతోంది. అంబులెన్స్ వాళ్లు తలుపు పగలగొట్టి ఖాళీ గదులన్నీ వెతికారు. ఈలోగా గుంటకు ఇవతల రేణుకు ఊపిరి ఆగిపోయింది. ఏడ్చుకుంటూ రోడ్డెక్కిన లలితను చూసి ఒక పొరుగాయన మళ్లీ ఫోన్ చేస్తే గానీ అంబులెన్స్ రాలేదు. రేణు గుండెను తిరిగి కొట్టించారు గానీ, కళ్లు ఇంకా తెరుచుకోలేదు.

ఫణికుమార్ నుదురు కొట్టుకున్నాడు. "ఓ గాడ్! ఆటోకంప్లీట్ అండీ. విల్లో రిడ్జ్ అని కొట్టగానే లేన్ వచ్చుంటుంది. చూసుకోకుండా ఓకే కొట్టేశా. ఈ తప్పు మాత్రం నాదే, ఒప్పుకుంటున్నా."

"చాలా తొందరగా ఒప్పుకున్నారు."

"మరి తప్పు చేశాక ఒప్పుకోవద్దా మేడమ్?"

"దేర్ యూ గో," అన్నాడు రాజ్. "హానెస్ట్ మిస్టేక్. ఆ యాప్‌లో ఉన్నదే ఆవిడ బట్టీ పట్టింది. స్టిల్ కౌంటీ ఫాల్ట్ కాదు."

"ఫోన్ పాఠం చెప్పదు, మిస్టర్ రాజ్. మనిషెవరో చెప్పాలి." కృష్ణకుమారి వెనక్కి తిరిగింది. "లలితక్కా, రేణు పడిపోయిన జాగ నాకు చూపిస్తరా?"

లలిత ఉలిక్కిపడి లేచింది. ఈ ఇంట్లో ఆరు రోజుల తర్వాత తన యాసలో ఒక మాట వినపడింది.

"పదండి, నేనూ వస్తా," అన్నాడు ఫణికుమార్.

"వద్దు. మీరు కాఫీ తాగండి."

అతను నవ్వాడు. పెదాలు మాత్రమే నవ్వాయి. రాజ్ మాత్రం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెంట నడిచాడు. తను లేకుండా అక్కడ ఏ వస్తువూ ముట్టుకోకూడదట.

బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్, బరువులెత్తే బెంచీ, గోడకు ఒక చెక్క అర ఉన్నాయి. నేలంతా నల్ల రబ్బరు చాప. పైకప్పు ఆనుకుని ఒకే ఒక్క కిటికీ, పిల్లి దూరడానికి సరిపోయేంత. కృష్ణకుమారి ముందు తన సెల్ తీసి చూసింది. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

"మీది?"

"నో సర్వీస్," అన్నాడు రాజ్. "కానీ పైన కాఫీ ఇచ్చినప్పుడు ఫణిగారు వైఫై ఇచ్చారు. అది వస్తోంది."

"అంటే ఇక్కడినుంచి ఫోన్ వెళ్లాలంటే వైఫై ఒక్కటే దారి. ఆమె ఎక్కడుందో చెప్పడానికి టవర్ లేదు. రాసిపెట్టిన అడ్రసు, ఆమె నోట వచ్చిన అడ్రసు, ఈ రెండే డిస్పాచర్‌కి ఆధారం. రెండూ ఒకటే అయ్యాయి. ఇంక అతను అనుమానపడటానికి సందెక్కడుంది?"

"ఎగ్జాక్ట్‌లీ. అదే నేనూ అంటున్నది. డిస్పాచర్ తప్పు లేదు."

"డిస్పాచర్ తప్పుందని నేనెప్పుడన్నాను?"



లలిత ట్రెడ్‌మిల్ పక్కన ఆగింది. "ఈడనే పడ్డది," అంది. "ఉరికినంక రోజు పాలపొడి కలుపుకొని తాగుతది. ఆనాడు ఒక్క గుక్క తాగి, గొంతు పట్టుకొని, అమ్మా అన్నది. నేను బట్టలు మడతపెడుతున్న. వచ్చేవరకు మొహమంత ఉబ్బింది."

రేణుకు చిన్నప్పటి నుంచి జీడిపప్పు పడదు. చిటికెడు పొడి చాలు, గొంతు మూసుకుపోతుంది. ఆసుపత్రి వాళ్లు చెప్పింది కూడా అదే.

"ఇంజక్షన్ పెన్ను ఉంటది గద?"

"ఆ కొక్కానికి సంచి ఉంటది. బిడ్డ నాకు నేర్పింది, తొడకు గుచ్చి పట్టుకోవాలె అని. చెయ్యి పెట్టి చూస్తే సంచిల ఏం లేదు."

సంచి అక్కడే వేళ్లాడుతోంది. కృష్ణకుమారి చేతిరుమాలుతో విప్పి చూసింది. ఖాళీ.

"పాతవయినయి, పారేసిన, కొత్తవి వస్తయి అని అల్లుడు అన్నడు."

"పాలపొడి డబ్బా?"

"అదీ పారేసిండు. మల్లెవరన్న తాగితే కష్టమని."

"రీజనబుల్," అన్నాడు రాజ్.

"ప్రతిదానికీ ఆయన దగ్గర ఒక మంచి కారణం ఉంది, గమనించారా? పెన్నుకు ఉంది, డబ్బాకు ఉంది, యాప్‌కు ఉంది. నిజం చెప్పేవాడి దగ్గర ఇన్ని కారణాలు ఉండవు. కొన్నిటికి తెలీదంటాడు."

"లేదా," రాజ్ గొంతు పదునెక్కింది, "మీరు తప్పు మనిషిని చూస్తున్నారు. ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? ఈవిడ. జీడిపప్పు ముట్టుకునేది ఎవరు? ఈవిడ. ఆ పాలపొడి కలుపుకున్న షేకర్ బాటిల్ కడిగేసింది ఎవరు? ఇట్స్ ఇన్ ద పోలీస్ నోట్స్. మరుసటి రోజే ఈవిడ కడిగేసింది. రాంగ్ అడ్రస్ చెప్పింది కూడా ఈవిడే. నేను కాలర్ ఎర్రర్ అని రాస్తున్నా కాబట్టి సరిపోయింది. ఇంకోలా కూడా రాయొచ్చు."

తెలుగు ముక్కలు చాలు, లలితకు అర్థమైంది.  "ఎంగిలి గిన్నె ఆడ పడి ఉంటే కడగకుంట ఎట్ల ఉంటనయ్యా? దవాఖాన నుంచి వచ్చి ఏం జెయ్యాలెనో తోచక ఇల్లంత కడిగిన. నా బిడ్డకు నేను..." కొంగుతో మొహం కప్పుకుంది.

"ఆమెను వదిలెయ్యండి," అంది కృష్ణకుమారి. గొంతు పెంచలేదు. కానీ రాజ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె బెంచీ మీద కూర్చుని, లలితను పక్కన కూర్చోబెట్టుకుంది. నాలుగుసార్లు విన్న రికార్డింగు చెవిలో తిరుగుతూనే ఉంది. తొట్రుపాటు ఒక్కసారి వస్తుంది. బట్టీ పట్టింది వందసార్లు అలాగే వస్తుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ ఆరు రోజుల్లో దాన్ని ఈమె భాషలో ఎవరూ అడగలేదు.

"అక్కా, ఒక్క మాట అడుగుత. మీరు ఫోన్ల లేన్ అన్నరు. ఈ ఇల్లు విల్లో రిడ్జ్ కోర్ట్ గద?"

లలిత అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "అవ్, కోర్టే. ఎరుకనే."

రాజ్ తల గిరుక్కున తిరిగింది.

"ఎరుకనా?"

"ఎరుక లేకేంది చెల్లె? మా ఆయన బతికినన్ని రోజులు జగిత్యాల కోర్టులనే పనిచేసిండు. పొద్దున లేస్తే కోర్టు ముచ్చట, పండుకుంటే కోర్టు ముచ్చట. బిడ్డ మొదలు ఈ అడ్రసు నేర్పినప్పుడు, గీ ఒక్క ముక్క నేను మర్చిపోనని నవ్విన. ఇల్లు కోర్టే. కని ఫోన్ల లేన్ అనాలె గద?"

పైన ఎక్కడో హీటర్ ఆన్ అయి, గొట్టాల్లో గాలి బుసకొట్టింది.

"ఫోన్ల లేన్ అనాలెనా?" కృష్ణకుమారి మెల్లగా అడిగింది. "ఎవరు చెప్పిండ్రు?"

"అల్లుడు. కోర్టు అనకండి అత్తయ్యగారూ, కోర్టు అంటే వాళ్లు కేసు కొట్లాట అనుకొని లైను వేరే ఆఫీసుకు మలుపుతరు, అంబులెన్స్ రాదు, లేన్ అనండి అన్నడు. రేణు జిమ్ముల ఉన్నప్పుడు, నాతోని చాయ్ తాగుకుంట రోజు చెప్పిచ్చుకునేటోడు. ఒక్క ముక్క తప్పు పోతే మల్ల మొదటికెళ్లి. ఎంత ఓపికనో." ఆమె గొంతులో ఇంకా అల్లుడి మీద ఆదరమే ఉంది. "రేణుకు చెప్తనంటే వద్దన్నడు. మీరు గడగడ ఇంగ్లీషు మాట్లాడంగ ఒక్కపారి చూసి ఖుషయితది, అప్పటిదాంక మన మధ్యనే ఉండనీ అన్నడు."

"మరి పోలీసులకు గిది ఎందుకు చెప్పలే?"

"ఎవరడిగిండ్రు చెల్లె? అడ్రసు తప్పు, అడ్రసు తప్పు అన్నరు. నేను నంబరు తప్పు పలికిన అనుకున్న. ఆ ట్వెల్వ్ నా నోటికి సక్కగ రాదు. ఆరు రోజులసంది పండుకున్నా లేచినా అదే అనుకుంటున్న, ట్వెల్వ్, ట్వెల్వ్ అని. నా నాలికనే నా బిడ్డను పొట్టన పెట్టుకున్నదని..."

కృష్ణకుమారి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. గిన్నెలు తోమి, నేలలు తుడిచి గరుకెక్కిన చేతులు.

"మీ నాలిక ఏ తప్పు చెయ్యలే అక్కా. మీకేం నేర్పిండ్రో అది పొల్లు పోకుంట చెప్పిండ్రు. తప్పు నేర్పినోళ్లది."

 లలిత లేచింది. రెండడుగులు వేసి ట్రెడ్‌మిల్ కడ్డీ పట్టుకుంది.

"అంటే... అల్లుడు ఎరిగి ఎరిగి..."

 రాజ్ ల్యాప్‌టాప్ నేల మీద పెట్టేశాడు. అతని మొహంలో ఇందాకటి బింకం లేదు. "యాప్‌లో టైపో యాక్సిడెంట్ అనొచ్చు," అన్నాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "బట్ హీ నోస్ ఇట్స్ కోర్ట్. తెలిసి, ఆవిడతో లేన్ అనిపించాడు. డైలీ. దట్స్ నాట్ ఎ టైపో."

"కాదు. పెన్నులు తీసేశాడు, డబ్బాలో పొడి కలిపాడు. ఆఖరికి అంబులెన్స్‌ని కూడా ఈ తల్లి నోటితోనే దారి మళ్లించాడు. తప్పంతా ఆవిడ మీదికి పోతుంది, తను పెద్దమనసుతో క్షమించేస్తాడు." కృష్ణకుమారి లేచింది. "అక్కా, రేణు దగ్గర ఇయ్యాల ఎవరున్నరు?"

"ఎవర్నీ రానియ్యరట. ఇయ్యాల మత్తు మందు తగ్గిస్తరట, కండ్లు తెరుస్తదేమో అన్నరు. గందుకే అల్లుడు నన్ను రావద్దని..."

మెట్ల పైన చిన్న చప్పుడు. చెక్కకు ఇనుము తగిలిన చప్పుడు.

రాజ్ మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కాడు. తలుపు గుంజాడు, భుజంతో గుద్దాడు. కదల్లేదు. అంతకుముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్లెవరో పిల్లలు మెట్ల మీంచి పడకుండా తలుపుకు బయట గడియ పెట్టించుకున్నారు. ఫణికుమార్ ఇంతసేపూ అక్కడే నిలబడి విన్నాడన్నమాట. కాసేపటికి గరాజ్ తలుపు మూలుగుతూ లేచింది, కారు బయటికి దొర్లింది.

"వైఫై!" రాజ్ పైనుంచి అరిచాడు. "వైఫై పోయింది. తీగ పీకేశాడు."

"అరవకండి. కిందికి రండి. ఆ బెంచీ కిటికీ కిందికి జరపండి."

రాజ్ బెంచీ లాక్కొచ్చాడు. కృష్ణకుమారి చెప్పులు విడిచి ఎక్కింది. కిటికీ గొళ్లెం తుప్పు పట్టి ఉంది. అరచేత్తో రెండు దెబ్బలు వేస్తే ఊడింది. అద్దం పైకెత్తి, మోచేయి దాకా చెయ్యి బయటికి చాచి ఫోన్ పట్టుకుంది. చలిగాలి, ఎండుటాకులు. స్క్రీన్ మూలలో ఒక గీత మెరిసి, పోయి, మళ్లీ వచ్చింది.

నైన్ వన్ వన్ నొక్కి, స్పీకర్ పెట్టింది. అవతల "నైన్ వన్..." అని వినపడి తెగిపోయింది. ఇంకోసారి చేసింది. మళ్లీ తెగింది.

"మాట నిలవదు. మెసేజ్ పోవచ్చు," అంది. "ఇక్కడ మెసేజ్ కూడా తీసుకుంటారు. రాజ్, ఆయన కారు?"

"గ్రే ఎస్‌యూవీ. వచ్చేటప్పుడు నంబర్ చూశా." పాత పోలీసు బుద్ధి. గుక్క తిప్పుకోకుండా నంబరు చెప్పాడు.

"అక్కా, ఏ రంగు చొక్కా వేసుకున్నడు?"

"నీలం స్వెట్టరు," అంది లలిత. 

కృష్ణకుమారి చెయ్యి లోపలికి లాక్కుని టైపు చేయసాగింది. అన్నిటికన్నా ముందు 'ఎక్కడ': ఆసుపత్రి పేరు, ఐసీయూ, నాలుగో అంతస్తు, గది నంబరు. తర్వాత 'ఎవరికి': పేషెంట్ పూర్తి పేరు, స్పృహలో లేదు. తర్వాత 'ఎవరివల్ల': భర్త పేరు, నీలం స్వెట్టరు, కారు రంగు, నంబరు, ఇప్పుడే ఇక్కడినుంచి బయల్దేరాడు.

"అటెంప్టెడ్ మర్డర్ అని రాయండి," అన్నాడు రాజ్ భుజం మీంచి తొంగిచూస్తూ.

"అది మనం అనుకుంటున్నది. తెలిసింది రాస్తే వాళ్లు కదులుతారు. అనుకుంటున్నది రాస్తే ఎందుకు, ఎలా అని అడుగుతూ కూర్చుంటారు." ఆమె రాసింది: ఆమెకు అతని వల్ల ప్రాణాపాయం ఉంది. ఒంటరిగా లోపలికి పంపకండి. కింద ఇంకో వరస: మేం ముగ్గురం బేస్‌మెంట్‌లో బందీలుగా ఉన్నాం, ఎవరికీ దెబ్బల్లేవు, కాల్ నిలవడం లేదు, మెసేజ్ మాత్రమే. పన్నెండు నలభై, విల్లో రిడ్జ్ కోర్ట్. లేన్ కాదు, కోర్ట్.

పంపి, చెయ్యి మళ్లీ కిటికీలోంచి చాచింది. మెసేజ్ వెళ్తున్నట్టు చూపే నీలిగీత సగం దాకా పాకి ఆగింది.  గీత ఆ చివరికి పాకింది.

జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు తెలీదు. భుజం తిమ్మిరెక్కింది. లలిత ఆమె కాళ్లు తూలకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

ఫోన్ అదిరింది.

మెసేజ్ అందింది. మీ ఇంటికి కారు పంపాం. ఆసుపత్రి సెక్యూరిటీకి చెప్పాం. అక్కడే ఉండండి.

"థాంక్ గాడ్," అన్నాడు రాజ్. ట్రెడ్‌మిల్ మీద కూలబడ్డాడు. తల దించుకునే అన్నాడు, "ఆ రిపోర్ట్ చింపేస్తాను, ఆంటీ. సారీ... మేడమ్."

"ఆంటీ అనే అనండి. ముందు లలితక్కకు చెప్పండి ఆ సారీ."

అతను లలిత వైపు తిరిగాడు. ఆ ఇంగ్లీషు కలిసిన తెలుగులో మాటలు కూడగట్టుకుంటుండగా ఫోన్ మళ్లీ అదిరింది. కృష్ణకుమారి చెయ్యి లోపలికి లాక్కుని చదివింది. ఒకసారి చదివి, కళ్లజోడు సరిచేసుకుని ఇంకోసారి చదివింది.

సెక్యూరిటీ గది దగ్గరే ఉంది. భర్త ఇంకా రాలేదు. పేషెంట్ క్షేమం, మత్తు తగ్గుతోంది. గదిలో ఆమె తల్లి ఒక్కరే ఉన్నారు, భర్త పంపారట. తలుపు లోపలినుంచి మూసుకున్నారు. ఆవిడను ఉండనివ్వమంటారా?

బొటనవేళ్లు మొద్దుబారాయి. అయినా ఆమె తప్పుల్లేకుండా కొట్టింది: ఆమె తల్లి కాదు. తల్లి ఇక్కడ నా పక్కన ఉంది. తలుపు పగలగొట్టండి.

చెయ్యి బయటికి చాచింది. గీత వచ్చింది, పోయింది. ఆకులు గలగలమన్నాయి. మెసేజ్ కదల్లేదు.

"ఏమంటున్నరు చెల్లె?" లలిత కింది నుంచి తలెత్తి అడిగింది. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ కళ్లలో కాస్త ఆశ కనపడుతోంది. "నా బిడ్డ మంచిగున్నదా? పక్కన ఎవరన్న ఉన్నరా?"

కృష్ణకుమారి ఫోన్‌ను ఇంకా పైకి, చలిలోకి, చెయ్యి నొప్పెట్టేంత దూరం చాచింది.

"ఉన్నరట అక్కా," అంది. "రేణు వాళ్లమ్మట."